ఆగిన గుండె తర్వాత అవయవదానం: మన గోదావరి జిల్లాల్లో మొదలుపెట్టవచ్చా?

లంకవాసి (చర్చ ప్రారంభించినవారు):

కిందటి నెల మా ఊరి కుర్రవాడొకడు 216వ జాతీయ రహదారి మీద మోటారుసైకిలు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి, పదకొండు రోజులు వెంటిలేటరు మీద ఉండి పోయాడు. ఇక లాభం లేదని డాక్టర్లు చెప్పాక, కిడ్నీలైనా ఎవరికైనా పనికొస్తే తీసుకోమని కన్నతండ్రే అడిగాడు. అయితే గొంతులోని గొట్టం కదిపినప్పుడల్లా అబ్బాయికి ఇంకా సన్నగా దగ్గు వస్తోందంటే మెదడు కాండం ఇంకా కొంత పనిచేస్తున్నట్టేనని, అందువల్ల బ్రెయిన్ డెత్ అని ధ్రువీకరించడం కుదరదని, అందుచేత అవయవదానమూ కుదరదని చెప్పారు. మూడోనాడు గుండె ఆగింది. కళ్ళు తప్ప ఏమీ ఇవ్వలేకపోయారు.

1994 నాటి అవయవ మార్పిడి చట్టం చదివితే, మరణమంటే బ్రెయిన్ స్టెమ్ డెత్ (మెదడు కాండం పనిచేయడం మానేయడం) వల్ల గాని, గుండె, ఊపిరి ఆగిపోవడం వల్ల గాని జీవలక్షణాలన్నీ శాశ్వతంగా పోవడమేనని స్పష్టంగా ఉంది. స్పెయిన్, బ్రిటన్‌లలో గుండె ఆగి చనిపోయినవారి నుంచి, అయిదు నిమిషాలు వేచిచూశాక, అవయవాలు తీసుకోవడం మామూలు విషయం; మన దేశంలోనూ చండీగఢ్ పీజీఐ ఆసుపత్రిలో చేశారు. చట్టం అడ్డు చెప్పనప్పుడు కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో ఎందుకు చేయకూడదన్నది నా ప్రశ్న.

విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజోలు:

ఆ తండ్రి మనసుకు నమస్కారం. అయినా నేను దీనికి ఒప్పుకోలేను.

శ్మశానానికి తీసుకువెళుతూ పాడెను ఒకచోట దించి, చనిపోయినవారి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలిచే ఆచారం మనది. దింపుడుకళ్లం ఆశ అన్న మాట అక్కడి నుంచే పుట్టింది. వైద్యం లేని రోజుల్లో కూడా మన పెద్దలు మరణాన్ని రెండోసారి సరిచూసుకోకుండా నిప్పు పెట్టలేదు. ఇక్కడేమో గుండె ఆగిన అయిదు నిమిషాలకే కత్తి పట్టుకుంటామంటున్నారు. ఇటలీలో ఇరవై నిమిషాలు ఆగాలని నియమం ఉందని చదివాను. మరణం ఒకటే అయినప్పుడు దేశానికో గడియారం ఎలా ఉంటుంది?

ఇంకొక సందేహం దీనికంటే పెద్దది. 2014లో సిడ్నీలో, ఆగిపోయిన గుండెనే బయటికి తీసి, మళ్ళీ కొట్టుకునేలా చేసి ఇంకొకరి ఛాతీలో అమర్చారు. ఒకరిలో తిరిగి కొట్టుకోగలిగిన గుండె మొదటి మనిషిలో శాశ్వతంగా ఆగిపోయిందని ఏ ధైర్యంతో రాసి ఇస్తారు?

ఐసీయూ నర్సు, కాకినాడ:

మాస్టారూ, మీ రెండో ప్రశ్న నిజంగా గట్టిది. దాని మీద పెద్ద పెద్ద వైద్యులే ఇంకా వాదించుకుంటున్నారు. దానికి చెప్పే సమాధానం ఇది: గుండె కండరానికి మళ్ళీ కొట్టుకునే శక్తి ఉందా అన్నది కాదు చూసేది. ఆ మనిషి శరీరంలో రక్తప్రసరణ తనంతట తాను తిరిగి మొదలవుతుందా, ఎవరైనా మొదలుపెట్టబోతున్నారా అని చూస్తారు. తనంతట మొదలయ్యే అవకాశం దాటిపోయి, మొదలుపెట్టకూడదని అంతకుముందే నిర్ణయం జరిగి ఉంటే, ఆ ఆగిపోవడం శాశ్వతం. ఇది మాటల గారడీ అని మీకు అనిపించవచ్చు. నాకూ కొన్ని రాత్రుళ్ళు అలాగే అనిపిస్తుంది. అందుకే గుండె సంగతి పక్కన పెట్టి, కిడ్నీల వరకే మాట్లాడుకుందాం.

అయిదు నిమిషాల లెక్క మాత్రం ఊరికే పెట్టింది కాదు. వెంటిలేటరు తీసివేసిన 631 మందిని గమనించి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, ఆగిన గుండె కొందరిలో కాసేపు తిరిగి కదిలింది. అయితే అలా కదలడానికి ముందు అత్యధికంగా గడిచిన సమయం నాలుగు నిమిషాల ఇరవై సెకండ్లు. తెర మీది ఈసీజీ గీతను మాత్రం నమ్మకూడదు. నాడి అందడం మానేసిన తర్వాత కూడా ఆ గీత చాలాసేపు ఎగిరిపడుతూ ఉండడం నేనే చూశాను. మణికట్టు దగ్గర ధమనిలో పెట్టిన సన్నని గొట్టం చూపించే ఒత్తిడి అల చదునయిన క్షణం నుంచి లెక్కపెట్టాలి.

కానీ నా భయం ఆ అయిదు నిమిషాల గురించి కాదు, దానికి ముందున్న రోజు గురించి. ఇలాంటి దానంలో మామూలుగా వెంటిలేటరు తీశాకే గుండె ఆగుతుంది. ఆ తీయాలన్న నిర్ణయం ఎవరు, ఎందుకు చేస్తున్నారు? సుప్రీంకోర్టు 2018లో ఇచ్చి, 2023 జనవరిలో సడలించిన తీర్పు ప్రకారం, ముగ్గురేసి వైద్యులున్న రెండు బోర్డులు ఒకదాని తర్వాత ఒకటి ఒప్పుకోవాలి. అమలు చేసే ముందు మేజిస్ట్రేటుకు తెలపాలి. మన దగ్గర జరిగేది ఇంకొకటి. "తీసుకెళ్ళిపోతాం" అని కాగితం మీద సంతకం పెట్టించుకుని పంపించేస్తారు. అంబులెన్సులో ఒక మేనల్లుడి చేతిలో, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబూ సంచీ పెడతారు. ఎదుర్లంక వంతెన దాటి ఇల్లు చేరేదాకా వాడు దాన్ని నొక్కుతూనే ఉంటాడు. అరుగు మీద చాప పరిచి దించి, తులసి తీర్థం పోశాక ఎవరో వాడి చేతిని ఆపుతారు. బోర్డూ లేదు, నొప్పి తెలియకుండా మందూ లేదు, ఆ కుర్రవాడికి మాత్రం జన్మంతా ఆ చెయ్యి బరువే. వెంటిలేటరు తీయడం మనకు కొత్త కాదు, లంకవాసి గారూ. పద్ధతిగా తీయడమే కొత్త. అది కుదురుకోకముందే దానికి అవయవదానాన్ని ముడిపెడితే, కిడ్నీల కోసమే తొందరపడ్డారని ఊరంతా అంటుంది, ఆ మాట పూర్తిగా అబద్ధమని చెప్పే కాగితం కూడా మన దగ్గర ఉండదు.

లంకవాసి:

అయితే ముందు బోర్డులు, తర్వాత దానం అంటున్నారు. వారానికి మూడుసార్లు పంటు మీద గోదావరి దాటి డయాలసిస్‌కు వచ్చేవారు అంతదాకా ఆగగలరా?

ఐసీయూ నర్సు, కాకినాడ:

ఆగలేరని తెలుసు. అయినా వరుస మార్చకూడదు. తీయాలన్న నిర్ణయం పూర్తయి, కుటుంబం దాన్ని అంగీకరించిన తర్వాతే, చికిత్సతో సంబంధం లేని వేరే మనిషి వచ్చి దానం మాట ఎత్తాలి. మార్పిడి చేసే సర్జను ఆ గది గుమ్మం తొక్కకూడదు. ఇంకొక విషయం కూడా ముందే చెప్పాలి: వెంటిలేటరు తీశాక గంట నుంచి మూడు గంటల లోపల గుండె ఆగకపోతే అవయవాలు దెబ్బతింటాయి, దానం రద్దవుతుంది, రోగిని మళ్ళీ వార్డులోకి తెచ్చి ఊరటనిచ్చే మందులు కొనసాగిస్తారు. కాలేయమైతే అరగంటకే పనికిరాకుండా పోవచ్చు.

విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజోలు:

అమ్మా, మీరు గుండెను పక్కన పెట్టారు కాబట్టి నేనూ సగం దిగివస్తాను. మా తమ్ముడిని అలాగే ఇంటికి తెచ్చుకున్నాం. సంచీ నొక్కినది మా అబ్బాయే. ఆ సంగతి ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. ఒక్కటి చెప్పండి. ఆసుపత్రిలోనే పోవాలంటున్నారు, పోయిన అయిదు నిమిషాలకే థియేటరులోకి తీసుకుపోతామంటున్నారు. నోట్లో తీర్థం పోయడానికి ఆ అయిదు నిమిషాలు చాలవచ్చు. కువైట్‌లో ఉన్న కూతురి సంగతేమిటి?

ఐసీయూ నర్సు, కాకినాడ:

ఇంటి దగ్గర పోతే ఆ అమ్మాయి వచ్చేసరికి తండ్రి ఫ్రీజరు పెట్టెలో ఉంటాడు, మాస్టారూ. ఇక్కడ తీసే రోజూ గంటా ముందుగా అనుకునేవే కాబట్టి, ఆమె విమానం దిగి, ఊపిరి ఉన్న చెయ్యి పట్టుకునేదాకా ఆగవచ్చు. తీర్థం అప్పుడే పోయవచ్చు. గొట్టం తీసేశాక పెదవులు తడిపితే చాలు, ఎక్కువ పోయనివ్వం. ఆ తర్వాత కొన్ని గంటల్లో, కుట్లు వేసి, శుభ్రం చేసి అప్పగిస్తారు. ఆ రాత్రికే ఇంటికి తీసుకువెళ్ళవచ్చు.