పాత ఫోటో కనబడితే ఒళ్లు ఎందుకిలా అయిపోతుంది?

గోదారిగట్టు: మేం విడిపోయి ఏడాది దాటింది. మామూలుగా బాగానే ఉంటాను. నిన్న ఫోన్ గ్యాలరీ తనంతట తానే "మూడేళ్ల కిందట ఇదే రోజు" అంటూ అన్నవరం మెట్ల మీద ఇద్దరం దిగిన సెల్ఫీ చూపించింది. అంతే, గుండె దడ, అరచేతుల్లో చెమటలు, రాత్రి అన్నం సయించలేదు. ఇంకెవరికైనా ఇలా అవుతుందా, నేనే ఎక్కువ చేస్తున్నానా?

మినపట్టు: ఎక్కువేం కాదు బ్రో. 2011లో అమెరికాలో ఈథన్ క్రాస్ బృందం, బ్రేకప్ అయి ఆరు నెలలు దాటని 40 మందిని స్కానర్‌లో పడుకోబెట్టి, మాజీ ఫోటో చూపించి, విడిపోయినప్పటి సంగతి తలుచుకోమంది. విడిగా చేతికి వేడి తగిలించి కూడా చూసింది. మెదడులో ఒంటినొప్పిని పసిగట్టే ఇన్సులా అనే చోటు వెనకభాగం రెండుసార్లూ చురుకైంది.

లెక్కలమాస్టారు: అది పట్టుకుని "మనసు నొప్పీ ఒంటి నొప్పీ ఒకటే" అనేయకండి. స్కాన్‌లో కనిపించేది రక్తంలో ఆక్సిజన్ మార్పు, అంతే. 2014లో ఇంకా సన్నగా పరిశీలిస్తే, చోటు ఒకటే అయినా రెండింటి తీరూ వేరని తేలింది. ఒకే వీధిలో రెండిళ్లు అనుకోండి.

గోదారిగట్టు: నొప్పి సరే సార్. మళ్లీ ఆ ఫోటోనే జూమ్ చేసి చూడాలనిపిస్తుందే, అదేంటి?

మినపట్టు: అది యావ. 2010లో హెలెన్ ఫిషర్ వాళ్లు, ప్రేమించినవాళ్లు కాదని వెళ్లిపోయినా మరిచిపోలేకపోతున్న 15 మందిని చూశారు. ఫోటో చూపగానే, కోరిక పుట్టించే రసాయనం డోపమైన్ నడిచే మెదడు దారులు మేల్కొన్నాయి, కొకైన్ కోసం తహతహలాడేటప్పుడు కనిపించే చోట్లే. ఎక్కువ రోజులు గడిచినవాళ్లలో అనుబంధానికి సంబంధించిన ఒకచోట స్పందన తక్కువుంది. ఫోటోకీ ఫోటోకీ మధ్య ఆ ప్రభావం పోవడానికి పెద్ద అంకె నుంచి ఏడేసి తగ్గిస్తూ లెక్కపెట్టించారట.

కరివేపాకు: నాది ఇంకో రకం. అమ్మ పోయి నాలుగేళ్లు. దండ వేసిన ఫోటో రోజూ చూస్తాను, ఏమీ అనిపించదు. కొత్తావకాయ కలిపే రోజు మాత్రం ఆవపిండి ఘాటు ముక్కుకి తగిలిందా, బేసిన్‌కి అంటుకున్న గుజ్జులో వేడన్నం కలిపి తను పెట్టిన ముద్ద నోట్లో ఉన్నట్టే ఉంటుంది. ఏడుపు రాదు, నవ్వొస్తుంది.

లెక్కలమాస్టారు: వాసన దారే వేరమ్మా. చూపు, వినికిడి మెదడు మధ్యలో జంక్షన్ లాంటి థాలమస్ మీదుగా పోవాలి. వాసన దాన్ని దాటేసి నేరుగా భావోద్వేగాల చోటైన ఎమిగ్డలాకి చేరుతుంది. మీ నవ్వు గురించి ఒక మాట: 2008లో మేరీ ఫ్రాన్సెస్ ఒకానర్ బృందం, తల్లినో తోబుట్టువునో రొమ్ము క్యాన్సర్‌తో పోగొట్టుకున్న ఆడవాళ్లకి వాళ్ల ఫోటోలు చూపించింది. నొప్పి ప్రాంతాలు అందరిలోనూ స్పందించాయి. "ఇంకా కావాలి" అనిపించే న్యూక్లియస్ అకంబెన్స్ మాత్రం దుఃఖం నుంచి తేరుకోలేకపోయినవాళ్లలోనే. మీరు తేరుకున్నారు కాబట్టే నవ్వొస్తోందేమో.

గోదారిగట్టు: ఏడేసి తగ్గించడం ట్రై చేశాను. లెక్క తప్పిన చిరాకులో ఫోటో సంగతే మర్చిపోయాను.

మినపట్టు: గ్యాలరీ సెట్టింగ్స్‌లో ఒకరి ముఖం జ్ఞాపకాల్లో రాకుండా దాచే ఆప్షన్ ఉంటుంది, ముందు అది నొక్కు.