జాజ్ ఫెస్ట్ డాక్యుమెంటరీ చూశాను, ఇందులో పాటలు పూర్తిగా ఎక్కడ దొరుకుతాయి?

నైట్‌షిఫ్ట్ శ్రోత:

నిన్న రాత్రి 'జాజ్ ఫెస్ట్: ఎ న్యూ ఆర్లీన్స్ స్టోరీ' చూశాను. అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ ఊళ్ళో ఏటా జరిగే సంగీతం పండగ మీద 2022లో వచ్చిన డాక్యుమెంటరీ, ఫ్రాంక్ మార్షల్, రయాన్ సఫర్న్ ఇద్దరూ కలిసి తీశారు, గంటన్నర ఉంటుంది. జాజ్ గురించి నాకు పెద్దగా తెలీదు, మన సినిమా పాటల్లో ట్రంపెట్ వినిపిస్తే సౌండ్ పెంచుకోవడం వరకే నా పరిచయం, ఏదో పెట్టుకుని పడుకుందాం అనుకుంటే తెల్లారిపోయింది.

2019లో జరిగిన యాభయ్యో ఏడాది ఫెస్టివల్‌ని షూట్ చేసి మధ్యమధ్యలో పాత ఫుటేజ్ కలిపారు. 1970లో మొదటిసారి పెట్టినప్పుడు వినడానికొచ్చినవాళ్ళు మూడు నాలుగొందల మందే అట, పాడేవాళ్ళూ వాయించేవాళ్ళే అంతకంటే ఎక్కువ ఉన్నారట, టికెట్ 3 డాలర్లు. అదే ఇప్పుడు గుర్రప్పందేల మైదానం మొత్తం జనంతో నిండిపోతోంది. 2005 ఆగస్టులో కత్రినా తుఫానుకి కరకట్టలు తెగి ఊరు ఎనభై శాతం నీళ్ళలో మునిగిపోతే ఎనిమిది నెలలకే మళ్ళీ ఫెస్టివల్ పెట్టేశారు, అక్కడ అమెరికా రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ వచ్చి 'మై సిటీ ఆఫ్ రూయిన్స్' పాడుతుంటే ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు చేతులెత్తి నిలబడ్డారు చూడండి, నేను అక్కడ ఆపేసి కాసేపు బాల్కనీలోకెళ్ళి నిలబడ్డాను.

రెండు విషయాలు అడగాలి. పాటలన్నీ ముక్కలు ముక్కలుగానే ఉన్నాయి, గాయకుడు ఆల్ గ్రీన్ అలా అందుకున్నాడో లేదో ఎవరో కుర్చీలో కూర్చుని మాట్లాడటం మొదలెడతారు, నాకైతే నోటి దగ్గర ముద్ద లాక్కున్నట్టు అయింది. పూర్తి పాటలు ఎక్కడైనా దొరుకుతాయా? రెండోది, అక్కడ నిజంగా అలాగే ఉంటుందా, లేక టూరిస్టుల కోసం అందంగా తీసిందా? వెళ్ళినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

మిసిసిపీ గట్టు:

నేను బేటన్ రూజ్‌లో ఉంటా అండి, న్యూ ఆర్లీన్స్‌కి గంటన్నర లోపే డ్రైవ్. ఇప్పటికి నాలుగుసార్లు వెళ్ళాను. మీ రెండో ప్రశ్నకి జవాబు, అవును, అలాగే ఉంటుంది, కాకపోతే సినిమాలో ఎండ తెలీదు. ఏప్రిల్ చివర, మే మొదట్లో రెండు వీకెండ్స్ జరుగుతుంది, ఉక్కపోత మన కోస్తా ఉక్కపోతే అనుకోండి, వానొస్తే మైదానమంతా బురద, జనం రబ్బరు బూట్లేసుకుని అందులోనే డాన్స్ చేస్తారు.

అందరూ పెద్ద స్టేజీ దగ్గర పెద్ద పేర్ల కోసం తోసుకుంటారు గానీ నా మాట విని ఎవరైనా వెళ్తే ముందు గాస్పెల్, అంటే చర్చి భక్తిపాటల టెంట్‌లోకి వెళ్ళండి. మొదటిసారి నేను ఎండకి తట్టుకోలేక నీడ కోసం దూరాను. స్టేజీ మీద ఏదో చర్చి కోయిర్, యాభై అరవై మంది, అందరూ మామూలు మనుషులే, వారమంతా ఎక్కడో ఉద్యోగాలు చేసుకుని వచ్చి పాడేవాళ్ళు. పక్క కుర్చీలో ఒక పెద్దావిడ లేచి నా చెయ్యి పట్టుకుని లేపింది, నాకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ధనుర్మాసం భజన గుర్తొచ్చేసింది, గంటన్నర అక్కడే ఉండిపోయా. ఇంకో టెంట్‌లో పాతకాలం జాజ్, ఇంకో స్టేజీ మీద జైడెకో, అంటే అకార్డియన్ వాయిస్తూ పక్కన ఒకాయన రేకు చొక్కాలాంటిది తొడుక్కుని దాన్ని గీకుతూ తాళం వేస్తాడు, ఇలా పన్నెండు పైనే స్టేజీలు ఒకేసారి నడుస్తుంటాయి, ఏది వింటే ఏది పోతుందో అనే బాధ తప్పదు.

సినిమా గట్టిగా అడగాల్సిన విషయం ఇంకోటుందని నా అభిప్రాయం. 3 డాలర్ల టికెట్ ఇప్పుడు వంద దగ్గరికొచ్చింది. ఆ పాటలు పుట్టిన వీధుల్లో ఉండేవాళ్ళే లోపలికి రాలేని పరిస్థితి. న్యూ ఆర్లీన్స్ ఉన్న లూసియానా రాష్ట్రం వాళ్ళకి ఒక గురువారం తక్కువ రేటు పెడతారు, నేనూ ఎక్కువగా ఆ రోజే వెళ్తా. ఈ ఫెస్టివల్ లాభాపేక్ష లేని ఒక ఫౌండేషన్‌ది, వచ్చిన డబ్బుతో పిల్లలకి ఫ్రీగా సంగీతం స్కూలు నడుపుతారు, అది నిజంగా గొప్ప పని. అయినా గేటు బయట నిలబడి వింటున్నవాళ్ళని చూస్తే బాధగానే ఉంటుంది.

అరిగిన రికార్డు:

@నైట్‌షిఫ్ట్ శ్రోత గారు, పూర్తి పాటలకి అయితే, రికార్డుల కంపెనీ స్మిత్సోనియన్ ఫోక్‌వేస్ వాళ్ళు 2019లో, అదే యాభయ్యో ఏడాదికి, 5 సీడీల సెట్ తెచ్చారు, అన్నీ ఈ ఫెస్టివల్‌లో లైవ్‌గా రికార్డ్ చేసినవే. సినిమాలో విన్నవే ఉంటాయని కాదు కానీ మీ దాహం తీరుతుంది. దానికంటే సులువైంది ఆ ఫౌండేషన్ వాళ్ళదే డబ్ల్యూడబ్ల్యూఓజెడ్ అనే రేడియో, ఆన్‌లైన్‌లో ఫ్రీ, ఫెస్టివల్ టైంలో మైదానం నుంచే లైవ్ ఇస్తారు. అక్కడ పొద్దున 11కి గేట్లు తీస్తే మనకి రాత్రి తొమ్మిదిన్నర, సాయంత్రం 7కి మూస్తే మనకి తెల్లారుజామున అయిదున్నర, మీ పేరుకి సరిపోయింది.

పాటలు కట్ చేశారన్న దాని మీద మాత్రం నేను మీతో ఏకీభవించను. ఇది కచేరీ సినిమా కాదు, ఊరి సినిమా. అసలు ఈ ఫెస్టివల్ 1970 దాకా ఎందుకు ఆగిందో అది తెలిస్తే మిగతాదంతా వేరేగా కనిపిస్తుంది. జార్జ్ వీన్ అని, న్యూపోర్ట్ జాజ్ ఫెస్టివల్ 1954లో మొదలుపెట్టినాయన, ఆయన్ని 1962లోనే న్యూ ఆర్లీన్స్ పెద్దలు పిలిచారు మా ఊళ్ళో కూడా పెట్టండి అని. కానీ అప్పుడు అక్కడున్న చట్టాల ప్రకారం నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు ఒకే హోటల్లో దిగకూడదు, ఒకే స్టేజీ మీద వాయించకూడదు. జాజ్ పుట్టిన ఊళ్ళో! పైగా వీన్ భార్య జాయిస్ నల్లజాతి ఆవిడ. ఇంకెలా పెడతారు? ఆ చట్టాలు పోయాకే జరిగింది, అదీ ఎక్కడ, కాంగో స్క్వేర్‌లో, ఒకప్పుడు బానిసలుగా తెచ్చిన ఆఫ్రికా మనుషులు ఆదివారం పూట చేరి డోళ్ళు కొట్టుకుని ఆడుకున్న చోటు. ఆ ఊళ్ళోనే పుట్టి షికాగో వెళ్ళి పేరు తెచ్చుకున్న గాస్పెల్ గాయని మహేలియా జాక్సన్ అక్కడికొస్తే, బ్రాస్ బ్యాండ్ వాయిస్తుంటే, వీన్ ఆమె చేతికి మైక్ ఇచ్చాడు, ఆమె అక్కడికక్కడే అందుకుని పాడేసింది.

ఇంకోటి, ఆ ఊరి పియానో విద్వాంసుడు ఎల్లిస్ మార్సాలిస్ నలుగురు కొడుకులతో వాయించే భాగం మళ్ళీ చూడండి. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే, 2020 ఏప్రిల్ 1న, కోవిడ్‌తో పోయారాయన. 2020, 2021 రెండేళ్ళూ ఫెస్టివలే జరగలేదు.

దరువు:

నేను గీ సినిమా సంగీతం కోసం సూడలే, మా దోస్తు చెప్తే సూశిన. బ్యాండోళ్ళు ముంగట వాయించుకుంట పోతుంటే ఎనుక గొడుగులు ఊపుకుంట జనం ఆడుకుంట పోతరు సూడుండ్రి, దాన్ని సెకండ్ లైన్ అంటరు. అది అసలు చావు ఊరేగింపుల నుంచి వచ్చిందంట. బొందలగడ్డకు పోయేటప్పుడు మెల్లగ, ఏడుపు పాట, బొంద పెట్టినంక వచ్చేటప్పుడు దుమ్ము లేశేటట్టు వాయించి ఆడుతరు, మనిషికి కష్టం తీరింది అని.

మా తాత పోయిననాడు మా ఊర్ల గిట్లనే. పొద్దుగాల మంట పెట్టి డప్పులు కాపుకున్నరు, పాడె లేశేటప్పుడు ఒక దరువు, తొవ్వల ఒక దరువు, ఊరు దాటినంక తీన్మార్. మా మేనమామలు ఏడ్చుకుంటనే ఎగిరిండ్రు. పట్నం నుంచి వచ్చిన సుట్టాలు చావుల గిదేంది అన్నరు, నాకు అప్పుడు సమాధానం చెప్పరాలే. గీ సినిమా సూశినంక ఆళ్ళకు సూపియ్యాలె అనిపించింది. ఆ ఊరోళ్ళు బ్యాండ్ వాయించేటోన్ని స్టేజీ ఎక్కిచ్చి పేరు పెట్టి పిలుస్తుండ్రు, మా దగ్గర డప్పు కొట్టినాయనకు అన్నం వాకిట్ల పెట్టిండ్రు. గది నాకు ఇప్పటికీ గుచ్చుతది.

నైట్‌షిఫ్ట్ శ్రోత:

అందరికీ చాలా థాంక్స్. @అరిగిన రికార్డు గారు, మీరు చెప్పాక కాంగో స్క్వేర్ భాగం మళ్ళీ పెట్టుకుని చూశాను, మొదటిసారి అదేదో పార్కు అనుకుని వదిలేశాను. రేడియో ఇప్పుడు ఆన్‌లో ఉంది, ఎవరో పియానో వాయిస్తున్నారు, పేరు ఇంకా చెప్పలేదు.

@దరువు అన్నా, ఆ డప్పు కొట్టినాయన ఇంకా ఉన్నారా? రికార్డింగ్ ఏదైనా ఉందా?

దరువు:

ఉన్నడు తమ్మీ, డెబ్బై దాటినయ్. నా ఫోన్‌ల తాత సాగనంపినప్పటిది నలభై సెకండ్లది ఉన్నది, మధ్యల ఎవరో అడ్డం వచ్చిండ్రు. దసరాకు ఊరికి పోతున్న, ఈసారి ఆయన్ను కూసోబెట్టి అన్ని దరువులు మొత్తం తీస్త, ఏది ఎప్పుడు కొడుతరో ఆయన నోటితోనే చెప్పిచ్చి. కట్ జెయ్య.