బోరు నీటి నైట్రేట్: ఎలక్ట్రోడ్ ఒక అంకె, ల్యాబు మరో అంకె

ప్రశ్న (ఉప్పల్ నుంచి):
మా అపార్ట్‌మెంటు బోరు నీటిని నైట్రేట్ ఎలక్ట్రోడ్‌తో (నీటిలో ముంచితే నైట్రేట్‌ను బట్టి మీటరు మీద వోల్టేజి చూపే కడ్డీ) పరీక్షిస్తే లీటరుకు 42 మిల్లీగ్రాములు వచ్చింది. అదే సీసాలోని నీటికి బయటి ల్యాబు 48 అని రిపోర్టు ఇచ్చింది. బి.ఐ.ఎస్. 10500 అనే భారతీయ తాగునీటి ప్రమాణం ప్రకారం నైట్రేట్ 45 మించకూడదు. ఏది నిజమో తేలితే తప్ప, మూడు నెలల బిడ్డకు ఇదే నీటితో పాలు కలుపుతున్న కింది అంతస్తు తల్లికి ఏం చెప్పాలో తెలియడం లేదు. నీటిలో కరిగిన లవణాలు లీటరుకు సుమారు 1200 మిల్లీగ్రాములు. మీటరును సరిచూసుకునే ప్రమాణ ద్రావణాలను (నైట్రేట్ ఎంతో ముందే తెలిసినవి) ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో చేశాను. తర్వాత పాలకూరనూ పరీక్షించాలని ఉంది.

జవాబు 1:
ఉత్త డిస్టిల్డ్ వాటర్ అన్నారు చూడండి, తేడా అక్కడే వచ్చింది. ఎలక్ట్రోడ్ కొసనున్న పీవీసీ పొరలోని క్వాటర్నరీ అమ్మోనియం లవణం నైట్రేట్ అయాన్లను ఏరి పట్టుకుంటుంది కనుక, 25 డిగ్రీల దగ్గర నైట్రేట్ పది రెట్లు పెరిగితే మీటరు సుమారు 59 మిల్లీవోల్టులు కిందికి దిగుతుంది. అయితే ఆ పొర స్పందించేది నైట్రేట్ పరిమాణానికి కాదు, దాని క్రియాశీలతకు, అంటే అందులో స్వేచ్ఛగా పనిచేసే భాగానికి. చుట్టూ ఇతర లవణాలు ఎక్కువైన కొద్దీ క్రియాశీలత తగ్గుతుంది. మీ నీటిలో ఉన్నన్ని లవణాల మధ్య 48 కాస్తా 42లా కనిపించడం సహజమే. మీటరు మీద అది మూడు నాలుగు మిల్లీవోల్టుల తేడా మాత్రమే. ప్రమాణ ద్రావణాలకూ నమూనాకూ ప్రతి 100 మిల్లీలీటర్లకు 2 మోలార్ అమ్మోనియం సల్ఫేట్ 2 మిల్లీలీటర్ల చొప్పున కలిపితే లవణాల స్థాయి అన్నిటిలో దాదాపు సమానమవుతుంది; అన్నీ ఒకే ఉష్ణోగ్రతకు వచ్చాక మళ్లీ చూడండి.

జవాబు 2:
పాలకూర విషయానికి వస్తే, ఆకు రసం రంగు, మురికి ఎలక్ట్రోడ్‌కు అంతగా అడ్డు రావు, అదే దీని గొప్ప సౌకర్యం. కానీ ఆకులోని క్లోరైడ్, నైట్రైట్, సేంద్రియ ఆమ్లాలు అడ్డు వస్తాయి. అందుకే అమ్మోనియం సల్ఫేట్ బదులు అల్యూమినియం సల్ఫేట్, బోరిక్ ఆమ్లం, సిల్వర్ సల్ఫేట్, సల్ఫామిక్ ఆమ్లం ఉన్న ద్రావణాన్ని వాడతారు. క్లోరైడును సిల్వర్, నైట్రైటును సల్ఫామిక్ ఆమ్లం తొలగిస్తాయి. రుబ్బిన ఆకును గది వేడిలో ఉంచకండి, బ్యాక్టీరియా నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
చెప్పినట్టే చేస్తే 47 వచ్చింది. కాచితే నైట్రేట్ పోదని, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుందని ఆ తల్లికి ఈ సాయంత్రమే చెప్పి, బిడ్డ పాలకు బోరు నీరు మాన్పించాను.