సమస్య: కూయఁ గాకులు సూర్యుడు గ్రుంకిపోయె

కాకి కూస్తే తెల్లవారాలి గదా, పొద్దెట్ల గుంకుతుందని అడిగేవాళ్లు సాయంత్రం ఒకసారి మిద్దెక్కి చూడండి. ఈ పాదమే చివర వచ్చేట్లు తేటగీతి అనే నాలుగు పాదాల పద్యంగా పూరించండి.

కొర్లగుంట, తిరుపతి:

మిద్దె పైనుండి చూచితి, మింటి దారి
పట్టి గుంపులు గుంపులై వచ్చి చేరి
రావి కొమ్మల చోటుకై రచ్చ చేసి
కూయఁ గాకులు సూర్యుడు గ్రుంకిపోయె

మా వీధి చివరి రావిచెట్టే ఇది. నేరుగా చెట్టుకు రావు. ముందు సెల్ టవర్ మీద, కరెంటు తీగల మీద ఆగుతాయి. గుంపు పెద్దదయ్యాకే కదులుతాయి. బూడిద మెడ ఊరకాకులే ఎక్కువ, నిండు నలుపు బొంతకాకులు తక్కువ. చోటు కోసం తోసుకుంటాయి. ఒకటి రెక్క విదిలిస్తే కొమ్మ కొమ్మంతా లేచి మళ్లీ కూర్చుంటుంది. చీకటి పడితే చప్పుడుండదు. మళ్లీ వేకువనే, ఎండ రాకముందే చెట్టు ఖాళీ.

సమస్య ఇచ్చినవారు: అన్నా, కళ్లకు కట్టింది. రెండో పాదంలో ప-వ యతి (పాదం మొదటి అక్షరానికీ నడుమ అక్షరానికీ పొత్తు) సరిపోయింది. 'రచ్చ' వాడుక మాటే అయినా మార్చొద్దు. 'కలహించి' అని పెడితే ఆ గోల వినబడదు.

చిత్తూరు:

తెల్లవారుట యెప్పుడు తెలుపు మొదట;
పక్షు లేల గూళ్ళను జేరె బదులు చెప్పు
మన్న బాలుడు క్రమముగ మనవి చేసె:
కూయఁ గాకులు, సూర్యుడు గ్రుంకిపోయె

సమస్య ఇచ్చినవారు: క్రమాలంకారం (అడిగిన వరుసలోనే జవాబులు) బాగా కుదిరింది. కాకి మాత్రం కనబడలేదు.

చంద్రగిరి:

పిండ మిడి వేచియుంటిని వేడి యెండ
ఒక్క కాకియు రాలేదు, ఊరి దిక్కు
మరలి పోవుచు నా మీద మాపు వేళ
కూయఁ గాకులు సూర్యుడు గ్రుంకిపోయె

నాన్న తద్దినం, స్వర్ణముఖి ఒడ్డున.

కొర్లగుంట: చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. పగలు మేతకని పొలాలకు, మార్కెట్లకు, చెత్తకుప్పలకు చెదిరిపోతాయమ్మా. పొద్దుగూకేటప్పుడే అన్నీ కలిసి తిరిగొస్తాయి. మధ్యాహ్నం ఒక్కటీ రాకపోవడం, సాయంత్రం గుంపే నెత్తి మీదుగా పోవడం అందుకే.

సమస్య ఇచ్చినవారు: అన్నిట్లోకీ ఇదే నా మనసుకు పట్టింది. ఒక్క దోషం: 'రాలేదు, ఊరి' దగ్గర విసంధి, అంటే సంధి చేయాల్సిన చోట చేయకపోవడం. 'ఒక్క కాకియు రాదాయె నూరి దిక్కు' అంటే యతీ నిలుస్తుంది, సంధీ కుదురుతుంది.

చంద్రగిరి: సవరణ బాగుంది సార్, అట్లే పెట్టుకుంటాను. 'రాలేదు' అన్న మాట పోతోందే అని మాత్రం ఉంది. ఆ రోజు విస్తరి వైపే చూస్తూ అమ్మ అడిగిన మాట అది: "ఇంకా రాలేదా?"