మద్రాసు మీద పడిన గుండ్లకు కారణం సరయేవోలో వెతకాలా?

జార్జిటౌన్ నివాసి:
హైకోర్టు ప్రహరీ పక్క నుంచే రోజూ ఆఫీసుకు నడిచి వెళతాను. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ యుద్ధనౌక ఈ నగరం మీద గుండ్లు పేల్చిందని చెప్పే రాతిపలక ఒకటి అక్కడ ఉంది. ఏళ్ల తరబడి చూస్తున్నదే. కానీ మొన్న రాత్రి మా అమ్మాయికి మొదటి ప్రపంచ యుద్ధం పాఠం చదివించాను. మర్నాడు ఆ పలక ముందు కాళ్లు ఆగిపోయాయి.

పాఠంలో కారణాలన్నీ ఐరోపావే. జూన్ 28న సరయేవోలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హత్య, దేశాల కూటములు, ఆయుధాల పోటీ, చివరికి జర్మనీ దురాశ. మంచిదే. మరి ఆ నౌక ఎక్కడి నుంచి వచ్చింది? చైనా తీరంలో జర్మనీ గుప్పిట్లో ఉన్న చింగ్‌తావ్ రేవు దాని స్థావరం. వచ్చి దేన్ని కాల్చింది? మన రేవు దగ్గర బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకుల్లో ఉన్న చమురును. ఆ చమురు ఊరిన బర్మా కూడా అప్పుడు బ్రిటిష్‌వారి చేతిలోనే ఉంది. సుమారు 130 గుండ్లు పేల్చి చీకట్లో వెళ్లిపోయింది. కనీసం ఐదుగురు చనిపోయారు. తరువాతి రోజుల్లో వేలమంది మూటాముల్లె సర్దుకుని ఊరు విడిచారు. నవంబరు 9న హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవుల దగ్గర దాన్ని దెబ్బతీసింది ఆస్ట్రేలియా యుద్ధనౌక సిడ్నీ.

ఈ దారి పొడవునా నాకు కనిపించేవి సామ్రాజ్యాలే. ఒకరు ఆక్రమించిన భూమి నుంచి బయలుదేరి, మరొకరు ఆక్రమించిన భూమి మీద గుండ్లు పేల్చారు. కాబట్టి యుద్ధానికి అసలు కారణం వలసరాజ్యాల కోసం జరిగిన పోటీయే అంటాను. జర్మనీ ఒక్కదాన్నే బోనులో నిలబెట్టడం గెలిచినవాళ్లు రాసుకున్న తీర్పు. కాదనేవాళ్లు చెప్పండి.

మైలాపూరు మాస్టారు:
నేను కాదంటున్నాను. ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పినవాణ్ణి, ఈ మాట విన్నప్పుడల్లా ఊరుకోలేను. యుద్ధం ఎందుకు మొదలైందన్నది ఒక ప్రశ్న, ఎంత దూరం పాకిందన్నది మరొకటి. ఎమ్డెన్ రెండో ప్రశ్నకు మాత్రమే జవాబు చెబుతుంది.

వలసరాజ్యాల తగాదాలే కారణమైతే యుద్ధం అంతకు ముందే రావాలి. 1898లో ఆఫ్రికాలోని ఫషోడా దగ్గర బ్రిటన్, ఫ్రాన్స్ కత్తులు దూసుకునేదాకా వెళ్లి వెనక్కి తగ్గాయి, 1904లో చేతులు కలిపాయి. పర్షియా, అఫ్ఘానిస్తాన్ విషయంలో బ్రిటన్, రష్యా 1907లో సర్దుకున్నాయి. బాగ్దాదు రైలుమార్గం మీద బ్రిటన్, జర్మనీ 1914 జూన్‌లో, అంటే హత్య జరిగిన నెలలోనే, ఒక ఒప్పందానికి వచ్చాయి. పరాయి భూములను పంచుకోవడంలో ఈ దొరలకు రాజీ కుదరని సందర్భాలు తక్కువ.

ఇక ఆ జూలై నెలను రోజురోజుగా చూడండి. 5, 6 తేదీల్లో మీరేం చేసినా మేము వెంట ఉంటామని ఆస్ట్రియాకు బెర్లిన్ మాట ఇచ్చింది. 23న 48 గంటల గడువుతో సెర్బియాకు ఆస్ట్రియా తుది హెచ్చరిక పంపింది. సెర్బియా చాలావరకు ఒప్పుకున్నా 28న ఆస్ట్రియా యుద్ధం ప్రకటించింది. 30న రష్యా పూర్తి సైన్య సమీకరణకు ఆజ్ఞ ఇచ్చింది. ఆగస్టు 1న రష్యా మీద, 3న ఫ్రాన్స్ మీద జర్మనీ యుద్ధం ప్రకటించింది. 4న బెల్జియంలోకి జర్మన్ సైన్యం దిగింది, బ్రిటన్ కూడా యుద్ధంలోకి వచ్చింది. ఇందులో ప్రతి అడుగూ ఎవరో ఒకరు కూర్చుని తీసుకున్న నిర్ణయం. ఆపగలిగే అవకాశం అందరికంటే ఎక్కువగా ఉన్నది బెర్లిన్‌కు, వియన్నాకు. గెలిచినవాళ్ల తీర్పు అన్నారు. 1960లలో జర్మనీ పాత దస్తావేజులు తవ్వి ప్రధాన బాధ్యత జర్మనీదే అని వాదించిన ఫ్రిట్జ్ ఫిషర్ జర్మన్ చరిత్రకారుడే కదండీ.

సామ్రాజ్యవాదం అనే పెద్ద మాట అనేస్తే సంతకాలు పెట్టిన మనుషులు తప్పించుకుంటారు. నా బాధ అది.

తాంబరం పాఠకుడు:
మాస్టారు గారు చెప్పిన తేదీలలోనే రష్యా సమీకరణ కూడా ఉంది, దాన్ని ఒక్క వాక్యంతో దాటేశారు. నేరమంతా ఒకరి నెత్తిన రుద్దితే ఏమవుతుందో 1919లో చూశాం. వెర్సాయ్ సంధిలోని 231వ అధికరణం నష్టాలకు బాధ్యత జర్మనీ, దాని మిత్రుల మీద పెట్టింది. 1921లో పరిహారం 13,200 కోట్ల బంగారు మార్కులుగా తేల్చారు. ఆ పరిహారం కట్టడానికి జర్మనీ తెచ్చుకున్న అప్పుల బాండ్ల మీద చివరి వాయిదా చెల్లించింది 2010 అక్టోబరు 3న! మధ్యలో ఆ అవమానాన్నే ఎరువుగా వేసుకుని హిట్లర్ ఎదిగాడు.

మైలాపూరు మాస్టారు:
సంధి కఠినమైనదే. కానీ 1918 మార్చిలో బ్రెస్ట్-లిటోవ్‌స్క్‌లో రష్యా మీద జర్మనీ రుద్దిన సంధిని పక్కన పెట్టి చూడండి, ఏది ఎంత కఠినమో తెలుస్తుంది. శిక్ష ఎక్కువైందన్నంత మాత్రాన నేరం లేదనకూడదు.

పెరంబూరు మనవరాలు:
పెద్దవాళ్లు మీరిద్దరూ మన్నించాలి. ఎవరు మొదలుపెట్టారన్న చోటే చర్చ తిరుగుతోంది. ఎవరు భరించారన్నది కూడా ఇందులోకి రావాలి.

మా ముత్తాత నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడి మిల్లులో చేరాడు. తుపాకీ పట్టలేదు, సముద్రం దాటలేదు. యుద్ధం ఆయన ఇంట్లోకి బియ్యం ధరగా, గుడ్డ ధరగా, కిరోసిన్ ధరగా వచ్చింది. ఓడలు యుద్ధానికి పోవడంతో రంగూన్ బియ్యం రాక తగ్గింది. 1918 సెప్టెంబరులో ఈ నగరంలో జనం కొట్ల మీద పడి బియ్యం, బట్టలు దోచుకున్నారు. మా నాయనమ్మ దాన్ని దోపిడీ అనేది కాదు, ఆకలి అనేది. అదే ఏడాది ఏప్రిల్ 27న బి.పి. వాడియా అధ్యక్షుడిగా పెరంబూరు మిల్లు కార్మికులతో మద్రాసు కార్మిక సంఘం పుట్టింది. దేశంలో పద్ధతిగా ఏర్పడిన తొలి కార్మిక సంఘాల్లో అదొకటి. ఆ ఏడాదే సైనికుల ఓడలతో పాటు ఇన్‌ఫ్లుయెంజా అనే విషజ్వరం రేవుల్లో దిగింది. దేశంలో కోటీ ఇరవై లక్షలకు తక్కువ కాకుండా పోయారు. యుద్ధభూమిలో పోయిన భారత సైనికులు దాదాపు 74 వేలు. ఆ రెండు సంఖ్యలనూ పక్కపక్కన రాసి చూడండి. బీచి రోడ్డులోని యుద్ధ స్మారకం ఈ మొదటి సంఖ్యలో ఉన్నవాళ్ల కోసం కాదు.

ఇదంతా చాలదన్నట్టు 1917లో మన ఖజానా నుంచి బ్రిటన్ యుద్ధఖర్చుకు 10 కోట్ల పౌండ్లు 'కానుక'గా వెళ్లాయి. ఎవరిని అడిగి?

జార్జిటౌన్ నివాసి:
అమ్మా, మీరు రాసినది రెండుసార్లు చదివాను. మాస్టారు గారూ, జూలై నిర్ణయాల గురించి మీరు చెప్పినది ఒప్పుకుంటున్నాను. సామ్రాజ్యాలు ఉన్నంత మాత్రాన ఆ నెలలో యుద్ధం వచ్చి తీరాలని లేదు. కానీ ఆ చివరి ప్రశ్న దగ్గర నా మాట నిలబడుతుంది. ఆగస్టు 4న లండన్ యుద్ధంలోకి దిగింది. ఆ క్షణానే ఇక్కడి ముప్పై కోట్లమంది కూడా దిగిపోయారు. వైస్రాయి హార్డింజ్ ఎవరినీ సంప్రదించలేదు, సంప్రదించాల్సిన అవసరమే లేని ఏర్పాటు అది. సంతకం పెట్టినవాళ్ల పేర్లు మీరు చెప్పారు. ఆ సంతకం మద్రాసు మీద కూడా ఎందుకు చెల్లింది? ఐరోపా తగాదాను ప్రపంచ యుద్ధంగా మార్చిన కారణం అది. దాన్ని 'పాకడం' అని పక్కన పెట్టలేను.

మైలాపూరు మాస్టారు:
పక్కన పెట్టవద్దు. మొదలుపెట్టిన నేరం బెర్లిన్, వియన్నాలదే అన్న మాట మీద నేను కదలను. కానీ మీ ఆఖరి ప్రశ్నకు ఈ ఊళ్లోనే రెండు తేదీలు ఉన్నాయి, అవి చెప్పి ఆపుతాను.

గుండ్లు పడిన మూడు నెలలకు, 1914 డిసెంబరులో, కాంగ్రెస్ మహాసభ మద్రాసులోనే జరిగింది. అధ్యక్షుడు భూపేంద్రనాథ్ బసు. గవర్నర్ పెంట్‌లండ్ ప్రభువు స్వయంగా సభకు వచ్చాడు. సభ చక్రవర్తికి విధేయత ప్రకటిస్తూ తీర్మానం చేసింది. యుద్ధంలో తోడు నిలిస్తే స్వపరిపాలన వస్తుందని నమ్మారు. వచ్చింది 1919 మార్చిలో రౌలట్ చట్టం, ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్.

1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో మళ్లీ ఎవరినీ అడగకుండానే భారతదేశం యుద్ధంలో ఉందని ప్రకటించాడు. ఆ అక్టోబరు చివర మద్రాసులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసింది.