అప్‌డేట్: జీతంలో 1,800 ఎందుకు తగ్గిందో తేలింది

శ్రీకాకుళంలో మా ప్రైవేటు ఆసుపత్రి నర్సులను ఏజెన్సీ కిందకు మార్చాక చేతికొచ్చే జీతం 1,800 తగ్గిందని అడిగాను కదా. పే స్లిప్పు పక్కన పీఎఫ్ (ప్రావిడెంట్ ఫండ్) పాస్‌బుక్ పెట్టి చూడమన్న సలహాయే పనిచేసింది, థాంక్స్. బేసిక్ 15,000, నా వాటా 12 శాతం, అంటే 1,800. పాస్‌బుక్‌లో యాజమాన్యం వాటాగా పడిన 550, యాజమాన్యమే పెన్షన్‌కు కట్టాల్సిన 1,250 కూడా నా జీతంలోంచే కోశారు! ఈ రెండూ కలిపితేనే ఆ తగ్గిన 1,800. స్లిప్పులో మాత్రం ‘పీఎఫ్ 3,600’ అని ఒకటే లైను. యాజమాన్యం వాటాను జీతంలో కోయడానికి చట్టం ఒప్పుకోదు. ఏడు రోడ్ల జంక్షన్‌లో రెండూ జిరాక్స్ తీయించి, పదకొండు మందిమి సంతకాలు పెట్టి యాజమాన్యానికి ఇచ్చాం. పీఎఫ్ ఆఫీసులో ఫిర్యాదు మాట ఎత్తగానే మూడు నెలలదీ వెనక్కి వేశారు. కారణమేమో అనుకున్న వృత్తి పన్నుకు, ఆసుపత్రికి ఆరోగ్యశ్రీ బకాయిలు రాలేదని హెచ్‌ఆర్ చెప్పిన కథకు దీంతో సంబంధమే లేదు.