అప్‌డేట్: ఆ పొద రేగే

పూత, కాయ లేని రెండు ముళ్ల మొక్కల్లో ఏది రేగు, ఏది తుమ్మ అని ఇంతకు ముందు అడిగాను, ఇప్పుడు తేలింది: పొదలా ఉన్నదే రేగు. రేగుకి కణుపు దగ్గర రెండు ముళ్లు: ఒకటి తిన్నగా, రెండోది కొక్కెంలా వంగి. కొన్ని రెమ్మల మీద ఒక్కటే కనిపిస్తుంది, అందుకే ఆకు కూడా తిప్పి చూడాలి: మొదలు నుంచి మూడు ఈనెలు, అడుగున తెల్లటి నూగు. తుమ్మకి జంట ముళ్లు రెండూ తిన్ననివే, ఆకులు సన్నం.

కంచెకి రేగే మేలు. వంకర ముల్లు పక్క కొమ్మని పట్టేస్తుంది, కట్లు పెద్దగా అక్కర్లేదు. నరికిన మొదలు మనవైపు, కొసలు బయటికి. తిరగేస్తే సర్దేటప్పుడు చేతులు చీరుకుపోతాయి.

ముల్లుని సూదిలా వాడాలంటే మాత్రం తుమ్మ ముల్లే, అదీ ముదిరింది. లేతది గుచ్చగానే వంగిపోతుంది.

విరిస్తే పాలు కారే జెముడు జోలికి పోవద్దు. ఆ పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు.